సామాజిక గృహాలను స్థానిక కుటుంబాల అవసరానికి సరిపోల్చడం: లెక్క వేసే పద్ధతి

ఒక ప్రాంతానికి సామాజిక గృహాలు, అంటే ప్రభుత్వమో గృహ సంఘమో తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లు, ఎన్ని కావాలో తేల్చమన్నప్పుడు చాలా కార్యాలయాల్లో జరిగేది ఒకటే. అందిన దరఖాస్తులను కూడతారు, ఉన్న ఇళ్లను అందులోంచి తీసేస్తారు, మిగిలిన అంకెను కొరతగా ప్రకటిస్తారు. ఆ అంకెను చూపి నిధులు అడగవచ్చు గానీ, దాన్ని చేతబట్టుకుని ఇళ్ల నమూనాలు గీయడం మాత్రం సాధ్యం కాదు. భారతదేశంలో 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో సుమారు 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని లెక్కగట్టింది. అంతకు ముందు ఏడాది జరిగిన జనగణనలో అవే పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఆ కొరతలో దాదాపు 80 శాతం తలదాచుకునే చోటే లేనివారిది కాదు, ఉన్న ఇంట్లో చోటు చాలక ఇరుకున పడి కాపురం చేస్తున్నవారిది. కొరతా ఖాళీలూ పక్కపక్కనే ఉండగలవని తెలిశాక మొత్తం అంకె మీద నమ్మకం సడలక తప్పదు.

పురపాలక గృహనిర్మాణ విభాగాల్లోనూ, అద్దె ఇళ్లను నిర్వహించే గృహ సంఘాల్లోనూ వార్షిక ప్రణాళిక తయారుచేసేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో చెప్పే పద్ధతికి మూలసూత్రం ఒకటే: అవసరాన్నీ సరఫరానూ రెండింటినీ ఇంటి పరిమాణం వారీగా, ఏడాది వారీగా విడదీసి, ఒక్కో వరుసలో విడివిడిగా తీసివేత చేయాలి.

హద్దులు, కుటుంబం అనే మాట

లెక్క ఏ ప్రాంతానికో ముందుగా తేలాలి. పురపాలక హద్దు పరిపాలనకు అనుకూలమే గానీ కుటుంబాలు ఆ హద్దును చూసుకుని బతకవు. పనీ, పిల్లల బడీ, వైద్యమూ మారకుండా ఒక కుటుంబం ఎంత దూరం జరగగలదో అంతవరకే దానికి అది స్థానికం. రోజు కూలి మీద ఆధారపడేవారికి ఆ దూరం మరీ తక్కువ. ఊరి చివర ఉచితంగా ఇల్లు ఇచ్చినా తాళం వేసి పాత ఇరుకు గదికే తిరిగి వచ్చేవారు ఉండటానికి కారణం అదే. కాబట్టి నగరం మొత్తానికి ఒకే లెక్క కట్టకుండా, రాకపోకల తీరును బట్టి దాన్ని నాలుగైదు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో లెక్క కట్టడం మేలు. అయితే భాగాలు మరీ చిన్నవైతే పెద్ద ఇళ్ల వరుసలో ఏడాదికి ఒకటో సున్నానో తప్ప అంకె ఉండదు. అటువంటి అంకెల మీద ప్రణాళిక నిలబడదు.

తరువాత తేల్చుకోవలసింది కుటుంబం అంటే ఎవరన్నది. సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటగది నుంచి భోజనం చేసేవారిని భారత జనగణన ఒక కుటుంబంగా లెక్కిస్తుంది. ఒక ఇంట్లో ఉన్నవారందరినీ ఒకే కుటుంబంగా లెక్కించే దేశాలూ ఉన్నాయి. ఆ రెండో పద్ధతిలో నివాసమున్న ఇళ్ల సంఖ్యా కుటుంబాల సంఖ్యా ఎప్పుడూ సమానంగానే వస్తాయి కనుక, ఒకరి ఇంట్లో మరొకరు సర్దుకుంటున్న సంగతి అంకెల్లో కనబడనే కనబడదు. మొదటి పద్ధతిలో కూడా, పెళ్లయి ఏళ్లు గడిచినా వేరు కాపురం పెట్టే స్తోమత లేక తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండిపోయిన జంట విడి కుటుంబంగా నమోదు కాదు. అందుకే ఇంటింటి సర్వేలో ఒక ప్రశ్నను తప్పక చేర్చాలి: మీ స్తోమతకు తగిన అద్దెలో ఇల్లు దొరికితే మీలో ఎవరెవరు వేరుగా ఉండదలచుకున్నారు? ఎవరూ వద్దంటే వారిని విడదీయకూడదు. ఇష్టపడి ఉమ్మడిగా ఉండేవారికి కావలసింది ఒక పెద్ద ఇల్లు; వారిని రెండు కుటుంబాలుగా రాస్తే కాగితం మీద రెండు చిన్న ఇళ్ల గిరాకీ పుట్టుకొస్తుంది, అక్కడ నిజంగా కావలసిన పెద్ద ఇల్లు లెక్కలోంచి జారిపోతుంది.

ఎంతమందికి ఎన్ని గదులు

కుటుంబాన్ని ఇంటి పరిమాణంలోకి మార్చడానికి రాతపూర్వకమైన ప్రమాణం ఒకటి ఉండాలి. అధికారి విచక్షణకు వదిలేస్తే ఒకే కుటుంబానికి ఇద్దరు అధికారులు రెండు అంకెలు వేస్తారు. బాగా వాడుకలో ఉన్న రెండు ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. కెనడా జాతీయ నివాస ప్రమాణం ప్రకారం ఒక పడక గదిలో ఇద్దరికి మించకూడదు. దంపతులకు ఒక గది. దంపతులు కాని 18 ఏళ్లు దాటినవారికి తలా ఒక గది. అయిదేళ్లు, ఆపైన వయసున్న ఆడపిల్లా మగపిల్లవాడూ ఒకే గదిని పంచుకోకూడదు. ఇంగ్లండులో వాడే పడక గది ప్రమాణంలో తలా ఒక గది ఇవ్వవలసిన వయసు 21 ఏళ్లు. 10 నుంచి 20 ఏళ్ల మధ్యవారిలో ఒకే లింగానికి చెందిన ఇద్దరికి ఒక గది. పదేళ్ల లోపు పిల్లలైతే ఆడా మగా తేడా లేకుండా ఇద్దరికి ఒక గది.

భార్యాభర్తలు, వారి కూతురికి తొమ్మిదేళ్లు, కొడుక్కి ఏడేళ్లు, భర్త తల్లి కూడా వారితోనే ఉంది అనుకుందాం. కెనడా ప్రమాణంలో దంపతులకు ఒకటి, నానమ్మకు ఒకటి, పిల్లలకు చెరొకటి కలిపి నాలుగు గదులు వస్తాయి. ఇంగ్లండు ప్రమాణంలో పిల్లలిద్దరూ పదేళ్ల లోపువారు గనుక వారికి ఒక గది చాలు, మొత్తం మూడే. కానీ ఆ అమ్మాయికి పదేళ్లు నిండిన రోజున ఇంగ్లండు ప్రమాణంలో కూడా ఆ కుటుంబానికి నాలుగు గదులు కావలసి వస్తాయి. ఇల్లు అందడానికి రెండు మూడేళ్లు పట్టే చోట దరఖాస్తు నాటి వయసులతో లెక్క కడితే గృహప్రవేశం నాటికే ఆ ఇల్లు ఇరుకవుతుంది. దరఖాస్తులో వయసుకు బదులు పుట్టిన తేదీ తీసుకుని, సగటు నిరీక్షణ కాలాన్ని కలిపి అప్పటి అవసరాన్ని లెక్కగట్టడం కంప్యూటరుకు క్షణం పని. అయినా ఈ పని చేయని జాబితాలే ఎక్కువ.

ప్రమాణం స్థానిక వాస్తవానికి మరీ పైన ఉన్నా చిక్కే. ఒక గది, రెండు గదుల ఇళ్లే ఎక్కువగా ఉన్న చోట పై రెండింటిలో ఏది వాడినా దాదాపు అందరూ ఇరుకులో ఉన్నట్టే తేలుతుంది. అందరూ అర్హులైతే ఎవరికి ముందు ఇవ్వాలో ఆ ప్రమాణం చెప్పలేదు. అటువంటి చోట ఐక్యరాజ్యసమితి మానవ ఆవాసాల సంస్థ వాడే కొలతను, అంటే ఒక గదికి ముగ్గురికి మించి ఉన్నారా అన్నదాన్ని, అత్యవసర మెట్టుగా పెట్టుకోవాలి. పడక గది ప్రమాణాన్ని కొత్తగా కట్టే ఇళ్ల పరిమాణం నిర్ణయించడానికి ఉంచుకోవాలి. ఇప్పటి బాధను కొలవడానికి ఒకటి, రేపటి ఇంటిని గీయడానికి మరొకటి.

అవసరం లెక్క

నిరీక్షణ జాబితా అవసరానికి అద్దం కాదు. ఏళ్ల తరబడి సవరించని జాబితాలో వేరే ఊరికి వెళ్లిపోయినవారూ, సొంతంగా ఇల్లు చూసుకున్నవారూ, రెండు మూడు చోట్ల పేరు రాయించుకున్నవారూ ఉంటారు. మరోపక్క, ఎలాగూ రాదని దరఖాస్తే పెట్టనివారు, కాగితాలు లేనివారు, ఫుట్‌పాత్ మీద రోజులు గడిపేవారు అందులో ఉండరు. కాబట్టి జాబితాను ఏటా పునరుద్ధరించాలి. కొనసాగదలచుకున్నవారిని ఒక ఫోను పిలుపుతోనో సందేశంతోనో నిర్ధారించుకోవాలి. బదులు రాలేదన్న ఒక్క కారణంతో పేరు కొట్టేయకూడదు. నంబరు మారిపోవడం పేద కుటుంబాల్లో తరచుగా జరిగేదే. జాబితాకు బయట ఉన్నవారి కోసం నమూనా సర్వే, ఆశ్రయ గృహాల రికార్డులు, ఖాళీ చేయించిన కేసుల వివరాలు కలుపుకోవాలి.

అవసరంలో ఉన్న ప్రతి కుటుంబానికీ సామాజిక గృహమే కావాలని కాదు. కెనడా ఇందుకు రెండు అంచెల పరీక్ష వాడుతుంది. ఇల్లు బాగా పాడైపోయినా, కుటుంబానికి చాలకపోయినా, ఖర్చు పన్నుకు ముందు ఆదాయంలో 30 శాతం దాటినా మొదటి అంచె పూర్తవుతుంది. అదే ప్రాంతంలో తగిన మరో ఇంటికి మార్కెట్ అద్దె చెల్లించే స్తోమత కూడా లేకపోతేనే ఆ కుటుంబం తీవ్ర అవసరంలో ఉన్నట్టు లెక్క. ఈ రెండో అంచె చాలా విలువైనది. పాడైన ఇంట్లో ఉంటూ వేరే చోట అద్దె కట్టుకోగలవారికి కొత్త ఇల్లు కట్టనక్కరలేదు, సొంత ఇల్లయితే మరమ్మతుకు సాయం చేసినా చాలు. 30 శాతం గీతను మాత్రం కళ్లు మూసుకుని వాడవద్దు. బాగా తక్కువ ఆదాయంలో 30 శాతం అద్దెకు పోతే మిగిలినదానితో తిండీ ప్రయాణమూ గడవవు. అటువంటివారికి ముందు కనీస ఖర్చులు తీసేసి, మిగిలినదానిలోంచి అద్దెకు ఎంత పెట్టగలరో చూడటమే న్యాయం. అద్దెకు తోడు నిర్వహణ రుసుము, లిఫ్టు ఖర్చు, పనికి వెళ్లే ప్రయాణ ఖర్చు కూడా కలపాలి. అద్దె తక్కువేనని చేరి, నిర్వహణ రుసుము కట్టలేక బకాయి పడేవారు ప్రతి పెద్ద సముదాయంలోనూ కనిపిస్తారు.

ఇలా తేలిన కుటుంబాలను రెండు కుప్పలుగా పెట్టుకోవాలి. ఇప్పటికే పేరుకుపోయిన బకాయి అవసరం ఒకటి. కొత్త కాపురాలు, వలసలు, ఆదాయం పడిపోవడం వంటి కారణాలతో ఏటా కొత్తగా పుట్టే అవసరం మరొకటి. బకాయిని ఎన్నేళ్లలో తీర్చాలన్నది గణితం తేల్చేది కాదు, పాలకులు తీసుకోవలసిన నిర్ణయం. అయిదేళ్లా పదేళ్లా అన్నది నివేదిక మొదటి పేజీలోనే స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఆ ఒక్క నిర్ణయంతో బకాయి తాలూకు వార్షిక అంకె సగమవుతుంది లేదా రెట్టింపవుతుంది.

సరఫరా: ఉన్న ఇళ్లు కాదు, ఖాళీ అయ్యే ఇళ్లు

ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. సంస్థ చేతిలో పదివేల ఇళ్లున్నా, వాటిలో కాపురాలుంటే ఆ ఏడాది కొత్తవారికి అవి సరఫరా కావు. ఏడాదిలో ఎన్ని ఖాళీ అయి తిరిగి కేటాయింపుకు వస్తాయో అదే సరఫరా. గత మూడు నాలుగేళ్ల కేటాయింపు రిజిస్టరు తీసి పరిమాణం వారీగా సగటు కట్టాలి. చిన్న ఇళ్లు తరచుగా చేతులు మారతాయి. ఒంటరిగా ఉన్నవారికి పెళ్లవుతుంది, వృద్ధులు పిల్లల దగ్గరకు వెళతారు. పెద్ద ఇంట్లో చేరిన కుటుంబం పిల్లలు పెరిగి వెళ్లిపోయినా కదలదు. అందువల్ల పెద్ద ఇళ్ల సంఖ్య రిజిస్టరులో మోస్తరుగా కనిపించినా వాటి నుంచి వచ్చే ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

బదిలీలను జాగ్రత్తగా చూడాలి. ఇప్పటికే సంస్థ ఇంట్లో ఉన్న కుటుంబం మరో ఇంటికి మారితే, కొత్త కేటాయింపు ఒకటి రిజిస్టరుకు ఎక్కుతుంది, పాత ఇల్లు ఖాళీ అయి మరొకటి ఎక్కుతుంది. రెండింటినీ సరఫరాగా చూపిస్తే ఉన్న ఒక్క ఖాళీని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. బదిలీకి వాడిన ఇంటిని దాని పరిమాణం వరుసలోంచి తీసేసి, బదిలీ వల్ల ఖాళీ అయిన ఇంటిని దాని వరుసలో కలపాలి. అప్పుడు మొత్తం మారదు, పరిమాణాల పంపకం మాత్రం నిజానికి దగ్గరగా వస్తుంది.

కూల్చివేతకు నిర్ణయమైన ఇళ్లు, ఉన్నవారికే అమ్మేసే ఇళ్లు కూడా తీసివేతలోకి రావాలి. బ్రిటన్‌లో 1980 చట్టం కౌన్సిళ్ల (స్థానిక పాలక సంస్థల) ఇళ్లను వాటిలో అద్దెకు ఉన్నవారికే రాయితీ ధరకు అమ్మే హక్కు కల్పించినప్పుడు, కుటుంబాలకు పనికొచ్చే విడి ఇళ్లు ఫ్లాట్ల కంటే ఎక్కువగా అమ్ముడుపోయాయి. మొత్తంలో అమ్మకాల శాతం ఎంత అని మాత్రమే చూస్తే, ఏ పరిమాణం ఇళ్లు కరిగిపోతున్నాయో తెలియదు. కట్టుబడిలో ఉన్న ఇళ్లను పునాది పడిన రోజున కాక, నీళ్లూ విద్యుత్తూ కలిపి తాళం చెవి చేతికి వచ్చే ఏడాదిలోనే కలపాలి. ఈ రెండు తేదీల మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

ఒక లెక్క చేసి చూద్దాం

ఇవి ఊహకు తీసుకున్న అంకెలు. ఒక ప్రాంతంలో బకాయి అవసరం 1,500 కుటుంబాలది: ఒక పడక గది కావలసినవారు 600, రెండు కావలసినవారు 500, మూడు 300, నాలుగు 100. దీన్ని అయిదేళ్లలో తీర్చాలనుకుంటే ఏడాదికి వరుసగా 120, 100, 60, 20. ఏటా కొత్తగా పుట్టే అవసరం 90, 80, 40, 10. రెండూ కలిపితే ఏడాది అవసరం 210, 180, 100, 30. ఖాళీ అయి కేటాయింపుకు వచ్చే ఇళ్లు ఏటా 150, 130, 50, 2. తీసివేస్తే లోటు 60, 50, 50, 28. మొత్తం 188.

ఇప్పుడు ఈ 188 ఇళ్లను జాబితాలోని నిష్పత్తిలో కట్టారనుకోండి. జాబితాలో ఒక పడక గది వారు 40 శాతం కాబట్టి 75 ఇళ్లు వారికి, రెండు పడక గదులవి 63, మూడువి 38, నాలుగువి 12. ఇదే చాలా చోట్ల జరుగుతున్నది, చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక్కో వరుసనూ నడిపి చూడండి. ఒక పడక గది వరుసలో ఏటా 225 ఇళ్లు దొరుకుతాయి, 90 కొత్త కుటుంబాలు వచ్చి చేరతాయి, నికరంగా 135 మంది తగ్గుతారు. 600 మంది వరుస నాలుగున్నరేళ్ల లోపే తీరిపోతుంది. నాలుగు పడక గదుల వరుసలో ఏటా 14 ఇళ్లు వస్తాయి, 10 కొత్త కుటుంబాలు చేరతాయి, తగ్గేది నాలుగే. 100 మంది వరుస తీరడానికి 25 ఏళ్లు పడుతుంది. ఏమీ కట్టకపోతే ఆ వరుస ఏటా ఎనిమిది చొప్పున పెరుగుతూనే ఉంటుంది. అదే సమయంలో ఒక పడక గది వరుస ఏమీ కట్టకపోయినా పదేళ్లలో దానంతటదే తీరుతుంది. జాబితాలో ఏడు శాతం కూడా లేని పెద్ద కుటుంబాలకు లోటులో దాదాపు 15 శాతం ఎందుకు దక్కాలో ఇప్పుడు తెలుస్తుంది. నిర్ణాయక సమావేశంలో వాదన వచ్చేది కూడా ఈ అంకె దగ్గరే: ఒక పెద్ద ఇంటి ఖర్చుతో ఇంచుమించు రెండు చిన్న ఇళ్లు కట్టవచ్చు కదా, ఇళ్ల సంఖ్య ఎక్కువ చూపించవచ్చు కదా అంటారు. పైన చేసిన వరుస లెక్క చేతిలో ఉంటే ఆ మాటకు జవాబు చెప్పవచ్చు.

కట్టకుండానే పెద్ద ఇళ్లు

ఆ 28 పెద్ద ఇళ్లనూ కొత్తగానే కట్టనక్కరలేదు. ఇప్పుడున్న పెద్ద ఇళ్లలో పిల్లలు వెళ్లిపోగా ఇద్దరే మిగిలిన కుటుంబాలు ఎన్నో రిజిస్టరులోంచి తీయండి. వారిలో ఏడాదికి పది కుటుంబాలు రెండు పడక గదుల ఇంటికి మారడానికి ఇష్టపడితే, కట్టవలసిన నాలుగు పడక గదుల ఇళ్లు 18కి దిగుతాయి, రెండు పడక గదులవి 60కి పెరుగుతాయి. మొత్తం 188 అలాగే ఉంటుంది గానీ ఖర్చు తగ్గుతుంది, స్థలం దొరకడం తేలికవుతుంది.

ఇష్టపడితే అన్న మాటను నొక్కి చెప్పవలసి ఉంది. బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ నుంచి, పనిచేసే వయసులో ఉండి సామాజిక గృహాల్లో అద్దెకుంటున్నవారికి ఒక పడక గది అదనంగా ఉంటే గృహ భత్యానికి (అద్దె కట్టడానికి ప్రభుత్వమిచ్చే సాయానికి) లెక్కించే అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకు మించి ఉంటే 25 శాతం కోత పెట్టారు. కోత భయంతో అందరూ చిన్న ఇళ్లకు మారతారని ఆశించారు. మారదామన్నా అనేక చోట్ల తగినన్ని చిన్న ఇళ్లే లేవు. ఎక్కువమంది ఉన్నచోటే ఉండి కోత భరించారు, కొందరు అద్దె బకాయి పడ్డారు. పైగా పెద్ద ఇళ్లలో మిగిలిపోయేవారిలో వృద్ధులు ఎందరో ఉన్నా, పింఛను వయసువారికి ఆ నిబంధన వర్తించలేదు. లక్ష్యం సరైనదే, వరుస తప్పింది: ముందు మారడానికి చిన్న ఇల్లు ఉండాలి, ఆ తరువాతే మారమని అడగాలి.

ముప్పయ్యేళ్లు ఉన్న ఇంటిని వదలమని వృద్ధ దంపతులను ఒప్పించడానికి కొత్త ఇల్లు అదే పేటలో ఉండాలి, కింది అంతస్తులోనో లిఫ్టు ఉన్న భవనంలోనో ఉండాలి, బంధువు వస్తే ఒక రాత్రి పడుకునే చోటు ఉండాలి. వారిని ఒక పడక గదికి కుదించాలని చూస్తే ఎవరూ కదలరు. కాబట్టి ఇటువంటి బదిలీల్లో ప్రమాణం కంటే ఒక గది ఎక్కువ ఇవ్వడాన్ని నిబంధనల్లోనే రాసుకోవాలి. సామాను తరలించే ఖర్చు, కొత్త విద్యుత్ కనెక్షన్ రుసుము సంస్థే భరించాలి. కాగితాల పని చూసిపెట్టడానికి ఒక మనిషిని కేటాయిస్తే డబ్బు ఎర చూపడం కంటే అది బాగా పనిచేస్తుంది.

పక్కపక్కన ఉన్న రెండు చిన్న ఫ్లాట్ల మధ్య గోడ తీసి ఒకటి చేయడం మరో మార్గం. చిన్న ఇళ్లు మిగిలిపోయి పెద్దవి దొరకని చోట దీన్ని పరిశీలించాలి. గోడ బరువు మోసేదా కాదా అన్నది ఇంజనీరు చూశాకే.

మెట్లు ఎక్కలేనివారు

పరిమాణం సరిపోయినంత మాత్రాన ఇల్లు సరిపోయినట్టు కాదు. చక్రాల కుర్చీ వాడే వ్యక్తి ఉన్న కుటుంబానికి గదుల సంఖ్య కంటే తలుపు వెడల్పు, స్నానాల గదిలో కుర్చీ తిరిగే చోటు ముఖ్యం. కుర్చీ పూర్తిగా తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ ఉండాలన్నది విస్తృతంగా వాడే కొలత. ఇంగ్లండు భవన నిబంధనల్లో ఇటువంటి ఇళ్లకు ప్రత్యేక తరగతి ఉంది. కొత్త సముదాయాల్లో ఎంత శాతం ఆ తరగతిలో ఉండాలో స్థానిక అవసరాన్ని చూపి అక్కడి కౌన్సిళ్లు కోరవచ్చు. కట్టేటప్పుడు తలుపు వెడల్పు చేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కట్టాక పగలగొట్టి చేయాలంటే ఎన్నో రెట్లు.

అవసరం పట్టికలో పరిమాణం పక్కన మరో నిలువు వరుస పెట్టి, మెట్లు ఎక్కలేనివారు, చక్రాల కుర్చీ వాడేవారు, ఇంట్లో సహాయకుడి కోసం అదనపు గది కావలసినవారు ఎందరో విడిగా రాయాలి. సరఫరా పట్టికలోనూ ర్యాంపు, పట్టుకునే కడ్డీలు, కింది అంతస్తు అన్న వివరాలు ఒక్కో ఇంటికీ ఉండాలి. ఈ వివరం లేని రిజిస్టరు వల్ల జరిగేది ఏమిటంటే, లక్షలు పెట్టి సవరించిన ఇల్లు ఖాళీ కాగానే జాబితాలో తరువాత ఉన్న కుటుంబానికి వెళ్లిపోతుంది, వారు ముందుగా చేసే పని ఆ కడ్డీలు పీకేయడం. ఇటువంటి ఇంటిని తగిన కుటుంబం దొరికేవరకు కొన్ని వారాలు ఖాళీగా ఉంచినా నష్టం లేదు. ఖాళీ రోజుల సంఖ్యను బట్టి సిబ్బంది పనితీరు కొలిచే సంస్థలు వీటికి మినహాయింపు ఇవ్వాలి, లేకపోతే ఎవరూ ఆగరు.

కేటాయింపు

లెక్క ఎంత బాగా వేసినా కేటాయింపు నియమం దాన్ని చెడగొట్టగలదు. అర్హులందరి పేర్లూ ఒకే డబ్బాలో వేసి, ఇళ్ల నంబర్లన్నీ మరో డబ్బాలో వేసి తీసే లాటరీ పక్షపాతాన్ని అడ్డుకుంటుంది, నిజమే. కానీ ఆరుగురు ఉన్న కుటుంబానికి చిన్న ఇల్లు, మోకాళ్ల నొప్పులున్న ఒంటరి వృద్ధురాలికి మూడో అంతస్తు తగలడానికి అదే కారణం. లాటరీ తప్పదనుకుంటే పరిమాణం వారీగా, కింది అంతస్తు అవసరం వారీగా వేర్వేరు డబ్బాలు పెట్టాలి. పారదర్శకత పోదు, పొంతన కుదురుతుంది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1990 ప్రాంతంలో మొదలైన పద్ధతి వేరు. ఖాళీ అయిన ఇళ్లను ప్రకటిస్తారు, అర్హులు తమకు నచ్చినదానికి ఆసక్తి తెలుపుతారు, వారిలో ప్రాధాన్యం ఎక్కువ ఉన్నవారికి ఇస్తారు. ఇది తరువాత బ్రిటన్‌కూ పాకింది. దీనివల్ల ప్రణాళికకు ఒక అదనపు లాభం ఉంది: ఏ పేటలో ఏ పరిమాణం ఇంటికి ఎందరు పోటీపడ్డారో ప్రతి ప్రకటనా చెబుతుంది. అయితే ప్రకటనలు చదవలేనివారు, ఇంటర్నెట్ లేనివారు వెనకబడిపోతారు. వారి తరఫున ఆసక్తి నమోదు చేసే సిబ్బంది లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు.

సింగపూర్ కట్టకముందే గిరాకీని పరీక్షిస్తుంది. 1997 ఆర్థిక సంక్షోభం తరువాత అక్కడి గృహాభివృద్ధి మండలి వద్ద వేల ఫ్లాట్లు అమ్ముడుపోకుండా మిగిలాయి. వరుసలో పేరున్నవారు తీరా ఇల్లు సిద్ధమయ్యాక వెనక్కి తగ్గారు. 2001లో తెచ్చిన కొత్త విధానంలో ముందు స్థలమూ నమూనాలూ ప్రకటించి, తగినన్ని బుకింగులు వచ్చాకే కట్టడం మొదలుపెట్టారు. కొనుగోలుకు ఇచ్చే ఇళ్లకు ఇది మంచి పద్ధతే. అద్దె ఇంటి కోసం అత్యవసరంగా చూస్తున్న కుటుంబానికి పనికిరాదు, ఎందుకంటే బుక్ చేసి ఏళ్లు ఆగగలిగే కుటుంబం ఆ ఇబ్బందిలో ఉండదు.

తిరస్కరణలను చదవడం

ఇచ్చిన ఇంటిని కుటుంబం వద్దన్నప్పుడు కారణాన్ని నమోదు చేయడం చాలా చోట్ల లాంఛనంగా మిగిలిపోయింది. వ్యక్తిగత కారణాలు అని ఒక మాట రాసి ముగిస్తారు. దూరమా, అంతస్తా, గదుల సంఖ్యా, నిర్వహణ రుసుమా, నీటి ఇబ్బందా, భద్రత గురించిన భయమా అని కనీసం విడగొట్టి రాయాలి. రెండుసార్లు వద్దన్నవారిని జాబితా చివరికి నెట్టే నిబంధన ఉన్న చోట ఈ నమోదు మరింత అవసరం, ఎందుకంటే సరిపోని ఇల్లు ఇవ్వజూపి, వద్దన్నందుకు శిక్షించడం అక్కడ తేలిక. దూరం కారణంగా వచ్చిన తిరస్కరణలు మొదటి అడుగులో గీసిన ప్రాంతపు హద్దులు తప్పని చెబుతాయి. గదుల వల్ల వచ్చినవి ప్రమాణాన్నో పుట్టిన తేదీల లెక్కనో సరిచూడమంటాయి. ఒకే భవనాన్ని వేర్వేరు కుటుంబాలు వరుసగా వద్దంటుంటే ఒకసారి వెళ్లి సాయంత్రం పూట ఆ భవనాన్ని చూడాలి: వెలగని మెట్ల దీపమో, నెలల తరబడి ఆగిపోయిన లిఫ్టో అక్కడ కనిపించవచ్చు.

పరిమాణం వారీగా నిరీక్షణ కాలాన్ని ఏటా తీయాలి, సగటుతో పాటు మధ్యస్థాన్ని, అంటే అందరినీ క్రమంలో పెడితే సరిగ్గా మధ్యన వచ్చే అంకెను, కూడా చూడాలి. ఇల్లు అందినవారి నిరీక్షణను మాత్రమే కొలిస్తే, పదేళ్లుగా ఆగి ఉన్నవారు ఆ కొలతలోకి రానే రారు. ఇంకా వరుసలో ఉన్నవారు ఇప్పటిదాకా ఎంతకాలం ఆగారన్నదాన్ని దాని పక్కన విడిగా చూపాలి. ఇల్లు తీసుకున్న ఏడాదికి ఆ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో, ఇంట్లో ఉంటున్నది వారేనా, అద్దె సక్రమంగా కడుతున్నారా అన్నది కూడా చూసి, ఆ వివరాలను తరువాతి ఏడాది అవసరం పట్టికలోకి ఎక్కించాలి. కొత్త జనగణన అంకెలు రాగానే కుటుంబ పరిమాణాల అంచనాలన్నిటినీ మళ్లీ కట్టాలి. అంతవరకు ఈ పట్టికలను ఏటా సవరించడానికి కేటాయింపు రిజిస్టరూ తిరస్కరణల పుస్తకమూ సరిపోతాయి.